మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య (1860 సెప్టెంబరు 15 - 1962 ఏప్రిల్) సుప్రసిద్ధ ఇంజనీరు, మైసూరు సంస్థానపు దివాను, భారతరత్న పురస్కార గ్రహీత. కొన్ని గ్రంథాలలో ఆయన జన్మ సంవత్సరం 1861 అని ఉంది. కృష్ణరాజసాగర్ నిర్మాణంతో ఆయన కీర్తి దేశమంతటా వ్యాపించింది. తెలుగువారికి మాత్రం 1908 నాటి మూసీ వరదల తరువాత హైదరాబాదు నగర రక్షణకు, మురుగునీటి పారుదలకు పథకాలు రూపొందించిన ఇంజనీరుగా ఆయన సుపరిచితుడు. వరద నివారణ, మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల అనే మూడింటిని ఒకే సమస్యగా చూడడం ఆయన హైదరాబాదు పథకంలోని విశేషం. వీటిలో మొదటి రెండు ఆయన జీవితకాలంలోనే చాలావరకు నెరవేరాయి. మూడవది ఈనాటికీ పూర్తి కాలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య బెంగుళూరుకు ఉత్తరాన చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించాడు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వేంకటలక్ష్మమ్మ. వీరిది తెలుగు కుటుంబం. వీరి పూర్వీకులు మోక్షగుండం గ్రామం నుండి మైసూరు ప్రాంతానికి వలస వెళ్ళినవారు. ఆ ఊరిపేరే వారి ఇంటిపేరుగా నిలిచింది.

చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో విశ్వేశ్వరయ్య మేనమామ ఆదరణలో చదువు సాగించాడు. పిల్లలకు పాఠాలు చెప్పి ఆ సంపాదనతో తన ఖర్చులు గడుపుకున్నాడు. 1881లో బెంగుళూరు సెంట్రల్ కళాశాల నుండి బి.ఏ. పట్టం పొందాడు. ఆ తరువాత మైసూరు ప్రభుత్వపు ఉపకార వేతనంతో పూనాలోని సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరాడు.

బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగం

బొంబాయి రాష్ట్రంలో ఆయన సుమారు పాతికేళ్ళు పనిచేశాడు. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం నిర్మించడం తొలినాటి పనులలో ముఖ్యమైనది. అక్కడ నదినీరు ఒండ్రుతో కలగి ఉండేది. వడపోత గట్టులు కట్టడానికి పురపాలక సంఘం వద్ద తగినంత ధనం లేదు. అందువలన నది ఇసుకలోనే బావి దింపి, ఇసుకపొరల గుండా దానంతటదే వడకట్టుకొని వచ్చే నీటిని పైకి తోడించాడు. ప్రకృతి చేసే పనిని గమనించి దానిని ఉపయోగించుకోవడం ఆయన పద్ధతికి ఒక ఉదాహరణ.

1903లో పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి తాను రూపకల్పన చేసిన స్వయంచాలక తలుపులను అమర్చాడు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే ఈ తలుపులు వాటంతటవే తెరచుకొని, మట్టం తగ్గగానే మూసుకొంటాయి. కాలువల క్రింద నీరు వృథా కాకుండా, ఎక్కువ గ్రామాలకు వంతుల ప్రకారం అందేలా బ్లాకు సేద్యపు విధానాన్ని కూడా ఆయనే ప్రతిపాదించాడు.

1904లో ఆయన బొంబాయి ప్రభుత్వానికి పారిశుద్ధ్య ఇంజనీరుగా నియమితుడయ్యాడు. ఈ పదవిలో ఉండగా పలు పట్టణాల మంచినీటి, మురుగునీటి పథకాలను పరిశీలించే అవకాశం కలిగింది. 1906లో ప్రభుత్వం ఆయనను ఏడెన్ రేవుకు పంపగా, అక్కడి నీటి సరఫరా, మురుగు పారుదలలపై నివేదిక ఇచ్చాడు. నీరు అరుదైన ఆ ఎడారి రేవులో కూడా మంచినీటిని, మురుగునీటిని ఆయన విడివిడిగా చూడలేదు. మూడేళ్ళ తరువాత హైదరాబాదులో ఈ అనుభవమే అక్కరకు వచ్చింది. 1908లో ఆయన స్వచ్ఛందంగా బొంబాయి ఉద్యోగం నుండి విరమించి విదేశ పర్యటనకు వెళ్ళాడు.

1908 మూసీ వరద

మూసీ నది వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరం మధ్యగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణానదిలో కలుస్తుంది. నగరానికి పడమట దీని ఉపనది ఈసీ దీనితో సంగమిస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఈ రెండు నదులు ఒక్కసారిగా పొంగి నగరాన్ని ముంచెత్తాయి. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో వరదకు సాక్ష్యంగా నిలిచింది.

అప్పటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్య సేవలను కోరింది. ఆ సమయంలో ఆయన ఐరోపాలో ఉన్నాడు. పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్‌లో హైదరాబాదుకు వచ్చాడు. నగర పునర్నిర్మాణంలో సలహా ఇవ్వడం, భవిష్యత్తులో వరదలు రాకుండా పథకం తయారుచేయడం, నగరానికి సమగ్రమైన మురుగు పారుదల వ్యవస్థను రూపొందించడం ఆయనకు అప్పగించిన బాధ్యతలు.

లెక్కలతో మొదలైన పథకం

నిర్మాణాల ఆలోచనకు ముందు విశ్వేశ్వరయ్య కొలతలు సేకరించాడు. వానమాపకాల నమోదులను, సమీప ప్రాంతాల వర్షపాత వివరాలను తెప్పించాడు. నదీ పరీవాహక ప్రాంతాన్ని సర్వే చేయించాడు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు వర్షం కురిసినట్లు తేలింది. నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు ఉన్నాయి. ఆ వానకు 221 చెరువులు తెగిపోయాయి. పైచెరువు తెగిన నీరు క్రింది చెరువు మీద పడి దానినీ తెంచింది. ఈ విధంగా గొలుసుకట్టు చెరువులు వరుసగా తెగడం వలన వరద తీవ్రత మరింత పెరిగింది. నగరం వద్ద ప్రవాహం గరిష్ఠంగా 4,25,000 క్యూసెక్కులకు చేరినట్లు లెక్కగట్టారు.

ఈ లెక్కల ఆధారంగా 1909 అక్టోబరు 1న ఆయన తన నివేదికను సమర్పించాడు. నగరంలో గట్లు ఎత్తు చేసినంత మాత్రాన ఇంత ప్రవాహాన్ని ఆపడం సాధ్యం కాదనీ, వరదను నగరానికి ఎగువనే నిలిపివేయాలనీ ఆయన నిర్ణయించాడు. మూసీ మీద నగరానికి ఎనిమిదిన్నర మైళ్ళ ఎగువన ఒకటి, ఈసీ మీద ఆరున్నర మైళ్ళ ఎగువన మరొకటి జలాశయాలు నిర్మించాలని సూచించాడు. వరద సమయంలో నీటిని పట్టి ఉంచి, ఆ తరువాత నగరం తట్టుకోగలిగినంత ప్రవాహాన్ని మాత్రమే మెల్లగా వదలడం వీటి ముఖ్యోద్దేశం. నగరంలో నదీతీరాలను గట్లతో బలపరచి, ఒడ్డున ఉద్యానవనాలు, విహార మార్గాలు ఏర్పాటు చేయాలని కూడా ప్రతిపాదించాడు.

మురుగునీటి పథకం

వరద పథకంతో పాటు నగరపు మురుగునీటి పారుదల పథకాన్ని కూడా విశ్వేశ్వరయ్య రూపొందించాడు. అప్పటికి నగరంలోని మురుగు బహిరంగ కాలువల ద్వారా ప్రవహించి మూసీలో చేరేది. వర్షాకాలంలో వరద తిరిగి ఆ మురుగును వీధులలోకి తెచ్చేది. నదిని ఉద్యానవనాల నడుమ ప్రవహించేలా తీర్చిదిద్దాలంటే ముందు అందులోకి మురుగు చేరకుండా అరికట్టాలి. ఇందుకోసం నదికి రెండు వైపులా ఉన్న పేటల మురుగును భూగర్భ గొట్టాలలోకి మళ్ళించి, నగరానికి దిగువకు తరలించే ఏర్పాటు అవసరమైంది.

హైదరాబాదులో ఆయన ఉన్నది ఏడు నెలలు మాత్రమే. 1909 నవంబరులో మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు పదవిని స్వీకరించి వెళ్ళాడు. ఆ తరువాత కూడా మురుగు పారుదల పనుల గురించి హైదరాబాదు ప్రభుత్వం ఆయన సలహాలు పొందింది.

నివేదిక అమలు

1911లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ నిజాము అయ్యాడు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌ను ప్రజలు గండిపేట చెరువు అని పిలుస్తారు. ఈ జలాశయాలు వరదను అదుపు చేయడమే కాక దశాబ్దాల పాటు నగరపు దాహం తీర్చాయి. భూగర్భ మురుగునీటి వ్యవస్థ మాత్రం 1931 నాటికి గాని ఏర్పడలేదు. అది సుమారు 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణాన్ని, ఐదు లక్షల లోపు జనాభాను దృష్టిలో ఉంచుకొని నిర్మించినది.

మైసూరు దివానుగా

మైసూరులో విశ్వేశ్వరయ్య కావేరి నదిపై కృష్ణరాజసాగర్ ఆనకట్ట నిర్మాణాన్ని 1911లో ప్రారంభింపజేశాడు. 1912 నుండి 1918 వరకు దివాను పదవిలో ఉన్నాడు. ఆయన కాలంలో మైసూరు బ్యాంకు (1913), మైసూరు విశ్వవిద్యాలయం (1916), బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల (1917) వెలిశాయి. భద్రావతి ఇనుము కర్మాగారం ఆయన కృషి ఫలితమే. 1915లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చింది.

పదవీ విరమణ తరువాత కూడా ఆయన విశ్రాంతి తీసుకోలేదు. 1920లో భారతదేశ పునర్నిర్మాణం గురించి, 1934లో ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ గురించి ఇంగ్లీషులో గ్రంథాలు ప్రచురించాడు. 1930వ దశకంలో ఒరిస్సా వరదల నివారణపై సలహా ఇచ్చాడు. తన ఉద్యోగ జీవిత స్మృతులను 1951లో వెలువరించాడు. తొంభై ఏళ్ళు దాటిన తరువాత కూడా బీహారులో గంగానదిపై మొకామా వంతెనకు స్థలనిర్ణయం విషయంలో సేవలందించాడు.

తరువాతి కాలంలో మూసీ

విశ్వేశ్వరయ్య పథకంలో మురుగునీటికి సంబంధించిన భాగం నగర విస్తరణతో పాటు పెరగలేదు. ఆ తరువాత నగరానికి మంజీరా నుండి, 2004 నుండి కృష్ణా నుండి, 2015 నుండి గోదావరిపై ఎల్లంపల్లి వద్ద నుండి నీరు తరలించారు. నగరాలకు సరఫరా అయ్యే నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుందని పారిశుద్ధ్య ఇంజనీర్లు లెక్క వేస్తారు. దూరపు నదుల నుండి నీరు తెచ్చిన కొద్దీ మురుగు పెరిగింది. దానిని శుద్ధి చేసే ఏర్పాట్లు వెనుకబడ్డాయి. మిగిలిన మురుగు మూసీలో కలిసి, నల్గొండ జిల్లా వరకు దిగువ గ్రామాల పొలాలకు చేరింది.

నదుల పరిరక్షణ పథకం క్రింద 2000వ దశకం చివరకు అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల, నాగోలులో 17.2 కోట్ల లీటర్ల సామర్థ్యంతో శుద్ధి కేంద్రాలు ఏర్పడ్డాయి. వీటిలో గాలితో అవసరం లేని సూక్ష్మజీవులు మురుగులోని సేంద్రియ పదార్థాన్ని కుళ్ళజేస్తాయి. 2021లో మరో 31 కేంద్రాలకు మంజూరు లభించింది. వీటి మొత్తం సామర్థ్యం రోజుకు 125 కోట్ల లీటర్లకు పైగా ఉంటుంది. 2023 నుండి ఇవి ఒకటొకటిగా పనిచేయడం మొదలుపెట్టాయి.

ఇటువంటి విస్తరణ జరిగేటప్పుడు నది నీటి పరీక్షలు ముఖ్యమైనవి. పాత విభాగాలను కొంతకాలం ఆపవలసి వస్తే శుద్ధికాని మురుగు నేరుగా నదిలోకి పోయే ప్రమాదం ఉంటుంది. అందువలన కేంద్రానికి ఎగువన, దిగువన నది నీటి నమూనాలను పనికి ముందు, పని జరిగేటప్పుడు, పని ముగిసిన తరువాత తీసి పరీక్షించాలి. నీటిలోని సేంద్రియ మలినాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయడానికి ఎంత ప్రాణవాయువు ఖర్చవుతుందో కొలిచే పరీక్షను బి.ఓ.డి. అంటారు. స్నానానికి పనికివచ్చే నదిలో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించరాదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. ముందటి కొలతలు లేకపోతే తరువాతి మేలును గాని, కీడును గాని నిర్ధారించడం సాధ్యం కాదు. 1909లో వానమాపకాలతో, చెరువుల లెక్కలతో విశ్వేశ్వరయ్య అనుసరించినది ఈ క్రమమే.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధించింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వు ద్వారా ఈ ఆంక్షలను తొలగించింది. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదనీ, మురుగునీటి శుద్ధి కేంద్రాలు నిర్మించాలనీ అందులో షరతులు విధించింది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానకు మూసీ మళ్ళీ పొంగి లోతట్టు బస్తీలను ముంచింది.

గౌరవాలు, మరణం

1955లో భారత ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను భారతరత్న పురస్కారంతో సత్కరించింది. 1960లో బెంగుళూరులో జరిగిన ఆయన శతజయంతి ఉత్సవంలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ పాల్గొన్నాడు. 1962 ఏప్రిల్‌లో ఆయన బెంగుళూరులో మరణించాడు. ముద్దెనహళ్ళిలో ఆయన సమాధి ఉంది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. హైదరాబాదులో ఖైరతాబాదు కూడలి వద్ద ఆయన విగ్రహం ఉంది. అయితే ఆ నగరంలో ఆయనకు అసలైన స్మారకాలు ఎగువనున్న రెండు జలాశయాలు. మురుగు చేరని మూసీ ఆయన పథకంలో మిగిలి ఉన్న భాగం.