లొరేన్ హాన్స్‌బెరీ

లొరేన్ హాన్స్‌బెరీ 1930 మే 19న అమెరికా దేశంలోని షికాగో నగరంలో జన్మించింది. తండ్రి కార్ల్ స్థిరాస్తి వ్యాపారి. తల్లి నానీ ఉపాధ్యాయినిగా పనిచేసిన విద్యావతి. కలిగిన కుటుంబమే అయినా, నల్లజాతివారికి ఆ నగరంలో ధనమున్నంత మాత్రాన ఇల్లు దొరికేది కాదు. దక్షిణ రాష్ట్రాల నుండి బ్రతుకుతెరువుకై వలస వచ్చిన నల్లవారిలో అత్యధికులు నగరపు దక్షిణ భాగంలో కిక్కిరిసి జీవించేవారు. చుట్టుపక్కల పేటలలోని శ్వేతజాతి యజమానులు తమ ఇళ్లను వారికి అమ్మబోమనీ, అద్దెకివ్వబోమనీ పరస్పరం ఒప్పందపత్రాలు వ్రాసుకొనేవారు. వాటిని న్యాయస్థానాలే అమలుపరచేవి. పెద్ద వాటాలను చిన్న గదులుగా విడగొట్టి అద్దెకివ్వడం కార్ల్ వ్యాపారం. ఆ ఇరుకు బ్రతుకులే అతని సంపదకూ మూలమన్నది విస్మరింపరాని సత్యం.

1937లో కార్ల్ అటువంటి ఒప్పందమున్న ప్రాంతంలో, రోడ్స్ అవెన్యూలో ఒక ఇల్లు కొన్నాడు. శ్వేతజాతీయులు గుంపుగా వచ్చి ఇంటిని చుట్టుముట్టారు. కిటికీ గుండా విసరిన పెడ్డ ఒకటి చిన్నారి లొరేన్‌కు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. బడికి పోయివచ్చే దారిలో పిల్లలు తిట్లూ దెబ్బలూ భరించారు. భర్త వ్యాజ్యం పనిమీద దూరంగా ఉన్న రాత్రులలో తల్లి పిస్తోలు చేతబట్టి, ఇల్లంతా కలయదిరుగుతూ నలుగురు బిడ్డలకు కావలి కాసింది.

రాష్ట్ర న్యాయస్థానాలు ఇల్లు విడిచిపొమ్మన్నాయి. 1940లో సుప్రీంకోర్టు కార్ల్ పక్షాన తీర్పు చెప్పింది గాని, వివక్షను తప్పుపట్టలేదు. ఒప్పందం చెల్లుతుందన్న పూర్వపు వ్యాజ్యంలో కార్ల్ భాగస్వామి కాడు గనుక ఆ తీర్పు అతనిని బంధింపజాలదని మాత్రమే తేల్చింది. అటువంటి ఒప్పందాలను న్యాయస్థానాలు అమలుపరచరాదని 1948లో మరొక వ్యాజ్యంలో తీర్పు వెలువడేనాటికి అతడు జీవించి లేడు.

లొరేన్ 1950లో విశ్వవిద్యాలయం విడిచి న్యూయార్క్ చేరి పత్రికారచనలో ప్రవేశించింది. ఆమె నాటకం 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' 1959 మార్చి 11న బ్రాడ్వే రంగస్థలమెక్కింది. నల్లజాతి స్త్రీ రచించిన నాటకం అక్కడ ప్రదర్శింపబడడం అదే ప్రథమం. అందులో యంగర్ కుటుంబానికి చనిపోయిన తండ్రి బీమాసొమ్ము 10,000 డాలర్లు వస్తుంది. తల్లి శ్వేతజాతి పేటలో ఇంటికి బయానా చెల్లిస్తుంది. మిగిలిన సొమ్మును కొడుకు వాల్టర్ పోగొట్టుకొంటాడు. పేట సంఘం ప్రతినిధి వచ్చి, ఎంతో మర్యాదగా, ఆ ఇల్లు వదులుకొంటే అధికమైన మూల్యం ఇస్తామంటాడు. వాల్టర్ ఒకదశలో లొంగిపోయి, చివరకు కన్నకొడుకు ఎదుట ఆ సొమ్మును నిరాకరిస్తాడు. సామాను సర్దుకొని కొత్త ఇంటికి బయలుదేరడంతో నాటకం ముగుస్తుంది. అది సుఖాంతమని తలచినవారు ఉన్నారు. ఆ పేటలో తొలిరాత్రి ఎట్లుంటుందో ఎరిగిన రచయిత్రి మాత్రం అంగీకరించలేదు.

ఆమె 1965 జనవరి 12న, 34వ ఏట, కాన్సర్ వ్యాధితో మరణించింది. ఇళ్ల అమ్మకంలోనూ అద్దెలోనూ జాతివివక్షను నిషేధించే చట్టం 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి వచ్చింది. రోడ్స్ అవెన్యూలోని ఆ ఇంటిని షికాగో నగరం 2010లో చారిత్రక కట్టడంగా ప్రకటించింది.