తలుపు వెదికిన వినోబా

మనిషి స్వతహాగా మంచివాడా, చెడ్డవాడా? ఈ ప్రశ్నకు జవాబు గ్రంథాల్లో వెదికినవారు చాలామంది. ఆచార్య వినోబా భావేగారు మాత్రం ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని కాలినడకన మన నల్గొండ పల్లెలకు వచ్చారు.

ఆయన 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదే గ్రామంలో జన్మించారు. 1916లో గాంధీజీ ఆశ్రమంలో చేరారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ ఎంచుకొన్న మొదటి వ్యక్తి ఆయనే. అన్ని మతాల గ్రంథాలనూ శ్రద్ధగా చదివేవారు. క్రైస్తవ బోధనల సారాన్ని కూడా ఒక పుస్తకంగా కూర్చారు.

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరువనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిశాక ఆయన తెలంగాణ పల్లెల దారి పట్టారు. ఆనాడు ఇక్కడ వెట్టిచాకిరీ, దొరల దౌర్జన్యం, వాటిపై తిరగబడిన సాయుధ పోరాటం, దానిని అణచడానికి వచ్చిన సైన్యం. ఎవరికి వారు ఎదుటివాడే రాక్షసుడు అనుకొనే రోజులు. వినోబాగారు జైలులో ఉన్న కమ్యూనిస్టులను కలిసి మాట్లాడారు, దొరల ఊళ్లకూ వెళ్లారు.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. ఆ ఊరు అప్పుడు నల్గొండ జిల్లాలోది, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడి దళితులు బ్రతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. ఇవ్వగలవారు ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని ఆయన గ్రామస్థులనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా పుట్టింది. తెలంగాణ యాత్రలోనే సుమారు 12,000 ఎకరాలు వచ్చాయి.

ఆయన ఆలోచన సులువైనదే. ప్రతి ఇంటికీ గోడలుంటాయి, తలుపూ ఉంటుంది. దోషాలు గోడలు, గుణాలు తలుపులు. నిరుపేద గుడిసెకైనా ఒక తలుపు ఉన్నట్లే, ఎంతటి దుర్మార్గుడిలోనైనా ఒక గుణముంటుంది. లోపలికి వెళ్లాలనుకొనేవాడు గోడను గుద్దుకోకూడదు, ఆ తలుపును వెదకాలి. 1960లో చంబల్ లోయలో ఇరవైమంది బందిపోట్లు ఆయన ఎదుట ఆయుధాలు దించారంటే ఈ నమ్మకం వల్లనే.

శ్రీసభ బోధన ఈ ఆలోచనకు కొంతవరకు తోడు నడుస్తుంది. జన్మపాపం వల్ల మానవ స్వభావం గాయపడింది గాని పూర్తిగా పాడైపోలేదని మనం నేర్చుకొన్నాం. చెడు అనేది స్వయంగా ఒక వస్తువు కాదు, మంచి లోపించడమేనని పునీత అగస్తీనుగారు వివరించారు. అయితే గాయం ఎంత లోతైనదో వినోబాగారు కొంచెం తక్కువగా లెక్కగట్టారేమోనని నాకనిపిస్తుంది. పదమూడేళ్ల పాదయాత్రలో దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చాయి. వాటిలో రాళ్లనేలలు, కోర్టు తగాదాల భూములు ఎన్నో! చేతులెత్తి ఇచ్చినవారిలో కొందరు, తరువాత వారి వారసులు, మాట తప్పారు. పేదల చేతికి అందనిది చాలా ఉంది.

ఆహారాన్ని, మందులను మానివేసి 1982 నవంబరు 15న ఆయన పౌనార్ ఆశ్రమంలో కన్నుమూశారు. పోచంపల్లిని ఇప్పటికీ భూదాన్ పోచంపల్లి అనే పిలుస్తారు. భూదాన భూముల వ్యాజ్యాలు మాత్రం మన కోర్టుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.