బాస్ వద్దన్నాక ఏం చేశాడంటే...

మీ టీమ్ లీడ్ పెద్ద కంపెనీకి మారుతున్నాడు. మిమ్మల్నీ తీసుకెళ్తాడని ధీమాగా ఉన్నారు. తీరా చూస్తే జాబితాలో మీ పేరు లేదు. అప్పుడేం చేస్తారు? న్యూరోసర్జన్ వాల్టర్ డాండీకి సరిగ్గా ఇదే జరిగింది.

డాండీ 1886లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెడాలియాలో పుట్టాడు. తండ్రి రైలింజన్ డ్రైవరు. 1910లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో వైద్యవిద్య ముగించి, మెదడు సర్జరీలో దిగ్గజమైన హార్వీ కుషింగ్ దగ్గర చేరాడు. ఇద్దరికీ పొసగలేదు. 1912లో బోస్టన్ వెళ్తూ కుషింగ్ అతన్ని వదిలేశాడు. అప్పటికి డాండీ వయసు 26.

అయినా ఆగిపోలేదు. ఉన్నచోటే పని వెతుక్కున్నాడు. అప్పటి ఎక్స్‌రేల్లో పుర్రె ఎముక తప్ప మెదడు కనిపించేది కాదు. మరి గడ్డ ఎక్కడుందో తెలిసేదెలా? గాలి ఎక్స్‌రేలో స్పష్టంగా తెలుస్తుంది కదా! 1918లో మెదడు లోపలి గదుల్లోంచి ద్రవం తీసి, గాలి నింపి ఎక్స్‌రే తీశాడు. గదుల ఆకారం ఎలా మారిందో చూసి గడ్డ చోటు పట్టేయొచ్చు. సీటీ స్కాన్ వచ్చేదాకా ఈ ఐడియా డాక్టర్లకు పనికొచ్చింది.

1922లో కంటి నరాల గడ్డలపై పరిశోధనాపత్రం రాశాడు. అసలు పరీక్ష 1937 మార్చి 23న ఎదురైంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని కంటి నరం పక్కనుంచే వెళ్తుంది. ఓ రోగికి ఆ ధమని గోడ బుడగలా ఉబ్బింది. దీన్నే ఎన్యూరిజం అంటారు. కంటిని కదిపే నరం దాంతో దెబ్బతింది. బుడగ పగిలితే ప్రాణం పోతుంది. ధమనినే మూసేస్తే మెదడుకు రక్తం తగ్గొచ్చు. డాండీ పుర్రె తెరిచి, బుడగ మెడకు మాత్రమే చిన్న వెండి క్లిప్పు బిగించాడు. ధమనిలో రక్తం మామూలుగానే పారింది. రోగి కోలుకున్నాడు. ఎన్యూరిజం మెడకు క్లిప్పు పెట్టిన తొలి ఆపరేషన్ అదే. నేటికీ సర్జన్లు ఆ సూత్రాన్నే వాడుతున్నారు.

ఇక్కడో విశేషం ఉంది. మెదడు సర్జరీలోకి వెండి క్లిప్పులు తెచ్చింది ఎవరో కాదు, కుషింగే! 1911లో. పాత బాస్‌తో వైరం ఏళ్ల తరబడి నడిచింది. అయినా ఆయన తెచ్చిన పనిముట్టును డాండీ పక్కన పెట్టలేదు.

1944లో ఎన్యూరిజంలపై పుస్తకం తెచ్చిన డాండీ 1946లో గుండెపోటుతో చనిపోయాడు.

రిజెక్షన్ మెయిల్ వచ్చిందా? కాసేపు బాధపడండి, తప్పులేదు. ఆ తర్వాత, వద్దన్నవాళ్ల దగ్గర నేర్చుకున్నది కూడా మీదేనని గుర్తుంచుకోండి. దాంతోనే తర్వాతి పని మొదలుపెట్టండి.