పసిపిల్లల బడికి ప్రాణం పెట్టిన జాకిర్ హుసేన్ సాహెబ్

మోపిదేవి, చల్లపల్లి, అవనిగడ్డ వైపు మన వాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక దృశ్యం మాకు తరచూ కనిపిస్తుంది. మేము కూర్చోగానే ఇంటి పెద్దలు నాలుగైదేళ్ల బిడ్డను పిలిచి ఎదుట నిలబెడతారు. ఏబీసీడీలు చెప్పిస్తారు, కలిమా చదివిస్తారు, అలిఫ్ బే తే అప్పజెప్పిస్తారు. బిడ్డ గడగడా చెప్పేసి బయటికి పరుగు తీస్తాడు. మాషా అల్లాహ్, సంతోషమే. కాని రాత్రి పడుకునే ముందు వాడికి కథ ఎవరు చెబుతారని మేము అడిగితే అమ్మ నాన్న వైపు, నాన్న అమ్మ వైపు చూస్తారు. బొమ్మల పుస్తకం ఏదైనా ఉందా అంటే, చింపేస్తాడని బీరువా పైన పెట్టామంటారు.

అలాంటప్పుడు మాకు డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ గుర్తొస్తారు. ఆయన భారతదేశానికి రాష్ట్రపతి అయిన తొలి ముస్లిం అని అందరికీ తెలుసు. మన హైదరాబాదులోనే పుట్టారని కొందరికి తెలుసు. ఒక బీద విద్యాలయాన్ని 22 ఏళ్లు నడిపిన ఆ మనిషి, అందులోని పసిపిల్లల బడిని ఎంతగా ప్రేమించారో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆయన 1897 ఫిబ్రవరి 8న జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్ నుండి హైదరాబాదు వచ్చి స్థిరపడి, వకీలుగా మంచి పేరు తెచ్చుకున్నారు. ఏడుగురు అన్నదమ్ములలో మూడోవారు జాకిర్. ఖుర్ఆన్ పఠనం, ఉర్దూ చదువు ఇంట్లోనే మొదలయ్యాయి. అయితే 1907లో తండ్రి క్షయతో మరణించారు. తల్లి నాజ్నీన్ బేగం పిల్లలను తీసుకొని ఖాయంగంజ్ చేరారు. జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా పాఠశాలలో ఉంచి చదివించారు. 1911లో ప్లేగు వచ్చి ఆ తల్లినీ తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు.

ఆ వయసులో ఆయనకు దగ్గరైన ఒక పెద్దాయన గురించి చెప్పాలి. హసన్ షా అనే సూఫీ ఒకరుండేవారు. ఆయనకు పుస్తకాలంటే ప్రాణం. కొనే స్తోమత లేక, దొరికిన గ్రంథాన్నల్లా చేతిరాతతో నకలు తీసుకునేవారు. సెలవులకు ఇంటికి వచ్చిన జాకిర్ చేత కూడా అలా రాయించేవారు. పుస్తకం ఎంత విలువైనదో ఆ కుర్రవాడికి ఉపన్యాసాల వల్ల తెలియలేదు, వేళ్లు నొప్పి పుట్టేలా రాయడం వల్ల తెలిసింది.

అలీగఢ్‌లో చదువుతుండగా 1920లో గాంధీజీ, అలీ సోదరుల పిలుపు వచ్చింది. ప్రభుత్వ సహాయంతో నడిచే కళాశాలను వదిలి బయటికొచ్చిన విద్యార్థులు, ఉపాధ్యాయుల మధ్య అక్టోబర్ 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. ఆయన అందులో చేరి, 1922లో జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. ఈలోగా ఖిలాఫత్ ఉద్యమం చల్లారిపోయింది, జామియాకు డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. ఆయన వెనకడుగు వేయలేదు. 1926లో తిరిగివచ్చి 29వ ఏట ఆ సంస్థ బాధ్యత తలకెత్తుకున్నారు. మరుసటి ఏడాది చివర ఆదరువుగా ఉన్న హకీమ్ అజ్మల్ ఖాన్ కూడా మరణించారు. అప్పుడు ఉపాధ్యాయులు కూర్చొని, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోబోమని, 20 ఏళ్లు ఇక్కడే పనిచేస్తామని ప్రమాణం చేశారు. ఆ జీతమైనా సరిగా అందేది కాదు.

ఇంత ఇబ్బందిలో ఉన్న సంస్థ చిన్నపిల్లల బడిని మూసి, పెద్ద తరగతులకే పరిమితమైనా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. జాకిర్ సాహెబ్ దానికి పూర్తిగా భిన్నంగా చేశారు. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ అనే ఉపాధ్యాయుని ఆధ్వర్యంలో ఆ బడి జామియాకే వన్నె తెచ్చింది. పిల్లలే దుకాణం నడిపేవారు, పిల్లలే బ్యాంకు నడిపేవారు. లెక్కలు పలక మీద కాక గల్లాపెట్టె దగ్గర వచ్చేవి. ‘పయామె తాలీమ్’ అనే పత్రిక వారికోసమే వెలువడేది. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ ఇక్కడికి వచ్చి పసివారి మధ్య పనిచేసింది. పిల్లలకు ఆమె ఆపాజాన్. 1943లో కన్నుమూసి ఆ నేలలోనే ఖననమైంది.

మేము మక్తబ్‌లో ఖాయిదా పట్టిన రోజుల్లో ఉస్తాద్ చేతిలో బెత్తం ఉండేది. అక్షరం తప్పితే అరచేతి మీద పడేది. అక్షరాలు వచ్చాయి, కాదనం. కాని ఒక పుస్తకాన్ని ఇష్టంతో తెరవడానికి మాకు మరో పదేళ్లు పట్టింది.

1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఏ నవాబునో, ఏ నాయకుణ్ణో పిలవవచ్చు. ఆ రాయి వేసింది బడిలో అందరికంటే చిన్నవాడైన ఒక పిల్లవాడు!

ఆయన జీవితంలోని మరో సంఘటన రాయడానికి మా చేయి ఆడదు. ఒకరోజు ఆయన ఆ బడిలో పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. మూడేళ్ల కూతురు రెహానాకు ఒంట్లో బాగాలేదని నౌకరు వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కాసేపటికి అతడే మళ్లీ వచ్చి, పాప ఇక లేదని చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది, చేయి మాత్రం ఆగలేదు. కార్యక్రమం అయ్యాక గాని అక్కడివారికి విషయం తెలియలేదు. అంత సంతోషంగా ఉన్న పిల్లల ఆనందాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదని ఆయన తర్వాత చెప్పారట. ఇది సరైనదేనా, తండ్రి ఇంటికి పరుగెత్తవద్దా అని మా శ్రీమతి అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము.

1937 అక్టోబర్‌లో వార్ధాలో విద్యావేత్తల సమావేశం జరిగాక, జాతీయ ప్రాథమిక విద్యా ప్రణాళికను రాసే సంఘానికి ఆయనే అధ్యక్షులయ్యారు. ఏడేళ్ల నుండి పద్నాలుగేళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపని ద్వారా చదువు అనేవి అందులోని ముఖ్యాంశాలు. ముస్లిం లీగ్ నాయకులు దాన్ని గట్టిగా విమర్శించారు. ధార్మిక బోధనకు అందులో చోటు లేదన్న ఫిర్యాదును మేమూ తేలిగ్గా తీసివేయము. అయితే మాతృభాష మాట విషయంలో ఆయన చెప్పినది మన దివిసీమ ఇళ్లకు చాలా అవసరం. మనలో కొందరి ఇళ్లలో ఉర్దూ, నూర్‌బాషా కుటుంబాల్లో తెలుగు, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. బిడ్డకు ఏ భాషలో కథ చెప్పాలని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. అమ్మా, మీకు కోపం వచ్చినప్పుడు ఏ భాషలో తిడతారో, ముద్దొచ్చినప్పుడు ఏ భాషలో పిలుస్తారో, అందులోనే చెప్పండి అంటాము.

తర్వాతి పదవులన్నీ లోకానికి తెలిసినవే. 1948 నుండి 1956 దాకా అలీగఢ్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్, 1957 నుండి బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. జామియా ఆవరణలోనే ఖననం చేశారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక.

ప్లేటో గ్రంథాన్ని ఉర్దూలోకి తెచ్చిన ఈ పండితుడు పిల్లలకు కథలు కూడా రాశారు. వాటిలో ప్రసిద్ధమైనది అబ్బూఖాన్ మేక కథ. కిటికీలోంచి బయటపడి కొండకు పోయి, తెల్లవార్లూ తోడేలుతో పోరాడిన మేక కథ అది. పిల్లలు విని ఏడుస్తారు, మళ్లీ చెప్పమంటారు. ఆ కథ మొదట అచ్చయినప్పుడు రచయితగా జాకిర్ హుసేన్ అనే పేరు లేదు. రుఖయ్యా రెహానా అని, ఆయన బిడ్డ పేరు ఉంది.