చిత్రలేఖనోపాధ్యాయుడు వడ్డాది పాపయ్య

అచ్చుపుస్తకము లభించని కాలమున నల్లగొండ, పాలమూరు సీమల పల్లెలలో పురాణము చెవికే గాక కంటికిని అందుచుండెను. చింతగింజల పిండి, సుద్ద పట్టించి గట్టిపరచిన నూలుబట్టపై చేర్యాల నకాషీ చిత్రకారులు వరుసగా గడులు తీర్చి కథను లిఖింపగా, కూనపులివారు ఆ పటమును విప్పుచు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును వినిపించుచుండిరి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఘట్టము. నేటి బాలురు చదువు బొమ్మలకథలు ఆ మార్గమునకు ఎంతో దూరమైనవి కావు.

1947 జులైలో మదరాసున శ్రీ చక్రపాణి, శ్రీ బి. నాగిరెడ్డి గార్లు "చందమామ" మాసపత్రికను తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిరి. బట్టపై నున్న పటము కాగితముపైకి వచ్చినట్లాయెను. ఆ పత్రిక అట్టపై దేవతలను, రాజులను, ఋషులను దశాబ్దములపాటు తీర్చిన చేతులలో ముఖ్యమైనది శ్రీ వడ్డాది పాపయ్యగారిది. "వపా" అను రెండక్షరముల సంతకము ఎరుగని తెలుగు గృహము ఆనాడు అరుదు. అయినను ఆ చేయి మదరాసులో లేదు.

పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళములో శ్రీ రామమూర్తి, శ్రీమతి మహాలక్ష్మి దంపతులకు జన్మించిరి. తండ్రిగారు చిత్రలేఖనోపాధ్యాయులు. కుమారునకు గురువును ఆయనయే; చిత్రకళాశాల గడప తొక్కవలసిన పని కలుగలేదు. రవివర్మ లిఖించిన కోదండరాముని పటము ఆ బాలుని మనస్సును హరించినది. అయిదేండ్ల ప్రాయముననే హనుమంతుని బొమ్మ వ్రాసెనని ప్రసిద్ధి. శ్రీరాముని చూచి మొదట హనుమంతుని వ్రాయుట సహజమే గదా! స్వామి సన్నిధికి దారి చూపువాడు ఆయనయే.

యౌవనమున మాడుగుల ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయులుగా చేరిరి. మాడుగుల తూర్పుకనుమల పాదమున నున్న చిన్న పట్టణము. హల్వాకు పేరు గన్నది. పగలు పిల్లలకు గీతలు దిద్దించుట, తక్కిన వేళలలో స్వకీయమైన చిత్రరచన. పూర్తియైన చిత్రము టపాలో మదరాసునకు పోవును. చందమామకే గాక చక్రపాణిగారి "యువ" మాసపత్రికకును ముఖచిత్రములు ఇట్లే వెడలెను. ఆ కాలమున చిత్రకారుడు పైకి రావలెనన్న మదరాసే గతి. అచట పత్రికలు, చలనచిత్రములు, ధనము, పేరు అన్నియు కలవు. పాపయ్యగారు కదలలేదు. బడిపంతులు జీతముతో కొండల నీడలోనే ఉండిపోయిరి. దీనిని లోకజ్ఞానము చాలకపోవుట యనువారు అనవచ్చును. కాని నగరమున బేరమునకు నిలిచిన కుంచె ఎవరికి కావలసిన బొమ్మను వారికి వ్రాయక తప్పదు. మాడుగుల కుంచెకు ఆ బాధ లేకపోయెను.

ఇచట ఒక చిక్కు కలదు. ఆలయమున శిల్పి స్వేచ్ఛగా ప్రతిమను మలచడు. ధ్యానశ్లోకము చెప్పిన భుజములు, ఆయుధములు, ఆసనము తప్పరాదు. శిలకు ప్రతిష్ఠ కలదు, ఆరాధన కలదు. పత్రికాచిత్రమునకు అవి లేవు. నెల తిరుగగానే మరియొక సంచిక వచ్చును, పాతది అటకెక్కును. అయినను ఎందరో బాలబాలికలు గర్భాలయమున స్వామిని దర్శించుటకు పూర్వమే ఆ అట్టపై చూచిరి. యాదగిరిగుట్ట మెట్లెక్కు బాలుని తలపులో నరసింహుని రూపు అంతకుముందే ఒకటి ముద్రితమై యుండును. ఆ తొలిరూపు వికృతమైనచో దోషమెవరిది? చిత్రకారునిదే. వేతనము స్వల్పము, బాధ్యత అధికము.

విష్ణుధర్మోత్తర పురాణమున మార్కండేయ మహర్షి వజ్రునకు చిత్రసూత్రము నుపదేశించుచు, నృత్తము తెలియనివానికి చిత్రము తెలియదనెను. పాపయ్యగారి మూర్తులను చూచిన ఆ మాట యథార్థమని తోచును. ఆ పాత్రలలో ఊరక నిలుచున్నది లేదు. నడుము ఒక వంపు, మెడ ఒక వాలు, వ్రేళ్ళ కొసలయందు ఒక భావము. నీటిరంగులలో వెలుగునీడలను కలిపిన తీరు మరియొకరికి పట్టుబడలేదు. ఋతువులు, రాగములు, నాయికలు, పండుగలు అన్నియు ఆ కుంచెకు ఎరుకయే. "యువ" అట్టలపై శృంగారము పాలు హెచ్చినదని ఆచారపరులకు తోచవచ్చును. ఆ తలపు పూర్తిగా కాదనదగినది కాదు. కాని ఆ చేయియే దేవతామూర్తిని తీర్చునపుడు కన్నులయందు శాంతి తొణికెడిది. రెండింటి యెల్లను ఆయన ఎరుగును.

1975లో చక్రపాణిగారు గతించిరి. పాపయ్యగారు ఉద్యోగవిరమణానంతరము అనకాపల్లి చెంతనున్న కశింకోటలో నివసించిరి. అదియు పల్లెపట్టే. తండ్రి నేర్పిన విద్యను తండ్రి చేసిన ఉద్యోగముననే వినియోగించి, 1992 డిసెంబరు 30న, 71 ఏండ్ల ప్రాయమున పరమపదించిరి. చందమామ ఆ పిమ్మట మరి రెండు దశాబ్దములు నడచి ఆగిపోయినది. పాత సంచికలను దాచుకొన్నవారి యిండ్లలో నేటికిని ఆ అట్టలు చినుగకుండ బీరువాలలో నున్నవి.