సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిన గిడుగు

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు పేరు మన జిల్లాలో తెలియనివారు లేరు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కాని అంతకు ముందే ఆయన కొండల్లోని సవర పిల్లల చదువు కోసం పడిన పాట్లు కొద్దిమందికే తెలుసు.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పంతులుగారు జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి మాట తెలుగుకు గాని, ఒరియాకు గాని చుట్టం కాదు. ముండా భాషల కుటుంబానికి చెందినది. తెలియని భాషలో పాఠం చెబితే సవర పిల్లవాడికి ఒక్క ముక్కయినా అర్థం కాదు. అందుచేత పంతులుగారు ముందు తానే విద్యార్థి అయ్యారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, భోజనం పెట్టి, మాట మాట నేర్చుకున్నారు. కొండ ఊళ్లు తిరిగారు. వారి పాటలు, కథలు రాసుకున్నారు. ఆ తిరుగుడులో మలేరియా పట్టుకుంది. క్వినైన్ ఎక్కువగా వాడడంతో చెవులు దెబ్బతిన్నాయి. జీవితాంతం చెవుడు వదలలేదు. అయినా పని మానలేదు.

సవరలో వాచకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఆ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన కృషికి మద్రాసు ప్రభుత్వం డబ్బు బహుమతి ఇవ్వబోగా, తనకు వద్దని, దానితో సవరలకు బడి పెట్టించమని కోరారు. 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి.

తెలుగు పిల్లల పుస్తకాల్లో వాడుక మాట ఉండాలని పండితులతో వాదించింది కూడా ఈ పంతులుగారే. సవర బిడ్డకైనా, తెలుగు బిడ్డకైనా ఇంట్లో మాట్లాడే మాటతోనే చదువు మొదలుకావాలన్నది ఆయన పట్టుదల.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడంతో మనసు కష్టపెట్టుకుని, ఎన్నో ఏళ్లు ఉన్న ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన పోయిన 64 ఏళ్లకు, 2004లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య ప్రారంభించింది. కొండ ఊరి బడిలో అడుగుపెట్టిన పిల్లవాడిని సవరలో పలకరించే మాస్టారు ఉండేలా చూడడమే పంతులుగారికి నిజమైన నివాళి.