బస్సు నంబరులో దాగిన అమ్మ పేరు: ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్

బేతంచెర్ల బస్టాండులో నంద్యాలకో, డోన్‌కో పోయే ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు నంబరు ప్లేటు ఒకసారి చూడండి. ఏపీ 21 తర్వాత జెడ్ అని ఉంటుంది. కొత్త బండ్ల మీద 39 వచ్చింది గానీ జెడ్ మాత్రం పోలేదు. ప్రైవేటు బస్సుకు ఈ అక్షరం ఉండదు. ఎందుకని అడిగితే హైదరాబాద్ పాతవాళ్లు ఒక కొడుకు, ఒక తల్లి కథ చెబుతారు.

ఆ కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1886 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో పుట్టాడు. తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, తల్లి అమతుజ్ జహ్రా బేగం. తండ్రి ఇంతకాల్ కావడంతో 1911 ఆగస్టులో పాతికేళ్ల వయసుకే గద్దె ఎక్కాడు.

అప్పటికి మూడేళ్ల కిందటే, 1908 సెప్టెంబరులో, మూసీ వరద నగరాన్ని ముంచి వేల ప్రాణాలు తీసింది. మళ్లీ అలా జరగకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టించాడు. మంజీర మీద నిజాంసాగర్ లేచింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. డాక్టరీ, ఇంజినీరింగు లాంటి పెద్ద చదువులు కూడా ఉర్దూలో చెప్పడం అక్కడి ప్రత్యేకత. ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు భవనం కూడా ఆయన హయాంలోవే.

1937లో టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసి, లోకంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఇంట్లో మాత్రం పాత టోపీ, మామూలు షేర్వానీతోనే గడిపేవాడని చూసినవాళ్లు చెప్పేవారు.

ఇక బస్సుల సంగతి. 1930లో నిజాం రైల్వే కంపెనీ చేతుల్లోంచి సర్కారు చేతికి వచ్చింది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ప్రయాణికులను తిప్పడం మొదలుపెట్టారు. దేశంలో సర్కారే బస్సులు నడపడం ఇక్కడే మొదలైందని ఆర్టీసీ చరిత్ర చెబుతుంది. ఆ బండ్లలో స్కాట్లాండులోని గ్లాస్గోలో తయారైన అల్బియన్ బస్సులు ఉండేవి.

బస్సులకు తల్లి పేరు పెట్టాలని నిజాం ఆశపడ్డాడట. సర్కారు బండి మీద మనిషి పేరు బాగుండదని అధికారులు చెప్తే, పోనీ జహ్రాలోని జెడ్ అయినా ఉంచమన్నాడట. కాగితాల సంగతి ఎలా ఉన్నా, జనం నోట నిలిచింది ఈ కథే.

ఆయన పాలనలో మచ్చ లేదని అనలేం. చివరి ఏళ్లలో రజాకార్ల ఆగడాలను అదుపు చేయలేకపోయాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, రాజ్యం పోయింది. ఆ రోజుల్లో హిందువులూ ముస్లింలూ అనేకమంది నష్టపోయారు. తర్వాత 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు.

మన సీమ జిల్లాలు నిజాం రాజ్యంలో లేవు. దత్త మండలాలుగా 1800లోనే కుంపెనీకి పోయాయి. అయినా ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టి ఆ పాత సంస్థ వారసత్వం అందుకుంది. అట్లా ఆ జెడ్ కర్నూలు, కడప బండ్ల మీదికీ చేరింది.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఆయన కన్నుమూశాడు. ఎదురుగా ఉన్న మస్జిదే జూదీలో, తల్లి పక్కనే దఫన్ చేశారు. జనాజాకు లక్షల మంది వచ్చారు.

ఆనాటి అల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ బాగుచేయించి హైదరాబాద్ బస్ భవన్‌లో పెట్టింది. మిగిలినవి చాలావరకు తుక్కు కిందే పోయాయి. బ్రిటన్‌లోనూ అంతే. ఇంగ్లిష్ కాలువ మీద మనుషులనూ కార్లనూ దాటించిన రెండు పెద్ద హోవర్‌క్రాఫ్ట్‌లు 2000లో ఆగిపోయాయి. ప్రిన్సెస్ మార్గరెట్‌ను 2018లో ముక్కలు చేశారు. ప్రిన్సెస్ ఆన్‌ను మాత్రం జనం పోరాడి మ్యూజియానికి దక్కించుకున్నారు. ఇనుము ఒకసారి కొలిమిలోకి పోతే మళ్లీ రాదు.

మన దగ్గర కట్టడాలంటే కోటలు, మసీదులే గుర్తొస్తాయి. కూలి పనికీ, బడికీ, పెళ్లికీ మోసుకుపోయిన బండి కూడా వారసత్వమే. హైదరాబాద్ పోయినప్పుడు పిల్లలకు చార్మినార్‌తో పాటు ఆ బస్సునూ చూపించండి. అంత దూరం పోలేకపోతే, బేతంచెర్ల బస్టాండులోనే ఆ జెడ్ చూపించి ఈ తల్లీకొడుకుల కథ చెప్పండి. అల్లాహ్ ఇద్దరికీ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.